మంగళగిరిలో నీలిబాన, విజయవాడలో నీలిరంగు బకెట్టు

అవిరి మొక్క నుంచి తీసిన నీలిమందుతో స్కార్ఫులు, జుట్టు బ్యాండ్లు స్వయంగా అద్దుకోవాలని నేనూ మా వదినా రాజమండ్రి నుంచి విజయవాడ వెళ్లాము. రైలు ప్రయాణానికీ, బస్టాండు దగ్గర తీసుకున్న రూ.1,400 గదికీ వంక పెట్టవలసిన పని లేదు.

మొదటి రోజు నగరంలోని ఒక శిక్షణ కేంద్రంలో మనిషికి రూ.1,200 కట్టాము. సున్నం, బెల్లం వేసి పులియబెట్టిన తొట్టి ఉందని ఫోనులో చెప్పినవారు, మేము వెళ్లాక ప్లాస్టిక్ బకెట్టులో వేడినీళ్లు పోసి ఏదో పొడి కలిపారు. నీలిమందు నీటిలో కరగదు. సున్నం లాంటి క్షారం కలిపి, పులియబెట్టో రసాయనం వేసో తొట్టి నీటిలోని ప్రాణవాయువు పోయేలా చేస్తేనే అది పసుపుపచ్చగా మారి నూలుకు పడుతుంది, అందుకే బయటికి తీసిన బట్ట ముందు ఆకుపచ్చగా ఉండి గాలి సోకాక నీలమవుతుంది. మా స్కార్ఫు మాత్రం బకెట్టులోనే నీలమైపోయింది. ఆ సంగతి అడిగితే నిర్వాహకుడు, "మా దగ్గర ఇలాగే వస్తుందండీ" అని మొహం తిప్పుకున్నాడు; డబ్బు తిరిగి ఇవ్వలేదు. వదిన ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

మర్నాడు మంగళగిరికి బస్సులో స్త్రీశక్తి పథకం కింద జీరో టికెట్టుతో వెళ్లాము. అక్కడ ఒక పెద్దాయన పెరట్లో, మెడ వరకు భూమిలో పాతిన మట్టిబాన ఉంది. మూత తీయగానే పులిసిన బెల్లం వాసన వచ్చింది. పైన రాగిరంగు తెట్టు, దాన్ని పక్కకు తోస్తే కింద పసుపుపచ్చని నీరు కనిపించాయి. బాన పులియడానికి తగిరిస అనే మొక్క గింజలు ఉడికించి పోస్తామని చెబుతూ ఆయన, "ఇదీ పానకాలస్వామి లాంటిదేనమ్మా, బెల్లం పడందే పలకదు" అన్నారు.

తడిపి పిండిన స్కార్ఫును బుడగ లేవకుండా లోపలికి జార్చి, మూడు నిమిషాలు ఉంచి, నీటి అంచునే పిండి పైకి తీయాలి. దులిపి విప్పగానే అరటి మొవ్వాకు విచ్చినట్లు లేతపచ్చగా ఉన్న బట్ట, అంచుల నుంచి మొదలై మా కళ్లముందే నీలమైంది. మడతల లోపల మాత్రం ఇంకాసేపు పచ్చదనం నిలిచింది. ఇలా ఆరుసార్లు ముంచాము. రెండు స్కార్ఫులు, నాలుగు బ్యాండ్లకు మనిషికి రూ.900 తీసుకున్నారు, అంతకు రెట్టింపైనా నేను సంతోషంగా ఇచ్చేదాన్ని.

వెళ్లదలచినవారు డబ్బు కట్టకముందే తొట్టిని చూపించమనండి. పులియబెట్టే బదులు హైడ్రోసు అనే రసాయనం వేసి అప్పటికప్పుడు కలిపే తొట్టిలోనూ అసలు నీలిమందు వాడవచ్చు, కాని ఆ సంగతి ముందే చెప్పాలి. పాత బట్టలు కట్టుకుని వెళ్లండి; గోళ్లకు పట్టిన నీలం వారమైనా వదలదు. మొదటి ఉతుకులో నీలం దిగుతుంది కనుక స్కార్ఫును విడిగా ఉతకాలి.

తిరుగు రైల్లో వదిన స్కార్ఫు ఒళ్లో పరచుకుని తెల్లచుక్కలు లెక్కపెట్టింది. దారంతో ఇరవై మూడు శనగలు మూటకట్టి అద్దితే ఇరవై రెండు చుక్కలే వచ్చాయి. ఊడిన ఆ ఒక్కటి ఏ మూలదో రాజమండ్రి దాకా వెతుకుతూనే ఉంది.