తిరుపతి నుంచి ఐఆర్, పబ్లిక్ పాలసీ పీజీ: ఏ కోర్సు ఎవరికి

అంతర్జాతీయ సంబంధాల (ఐఆర్) ఎంఏ, పబ్లిక్ పాలసీ మాస్టర్స్ రెంటినీ ఒకే గాటన కట్టడం మన దగ్గర అలవాటైపోయింది. బీఏ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఏ కాలేజీ మంచిదని అడుగుతారు కానీ, ఈ రెండింట్లో తమకు సరిపడేది ఏదో ముందు తేల్చుకోరు. చేరిన ఆరు నెలలకు వచ్చే చిక్కులన్నీ అక్కడ మొదలైనవే. అందుకే కాలేజీల సంగతికి ముందు ఈ రెండు కోర్సుల తేడా చెప్పుకోవాలి.

ఐఆర్ అంటే చదవడం, రాయడం. సిద్ధాంతాలు, దౌత్య చరిత్ర, ఒప్పందాలు, అంతర్జాతీయ సంస్థలు, ఏదో ఒక ప్రాంతం మీద లోతైన అధ్యయనం ఉంటాయి. వారానికి వంద పేజీలకు తక్కువ కాకుండా చదివి, సెమిస్టర్ చివర పదిహేను ఇరవై పేజీల వ్యాసం రాయగలగాలి. పబ్లిక్ పాలసీలో మొదటి సెమిస్టర్‌లోనే సూక్ష్మ అర్థశాస్త్రం, గణాంక శాస్త్రం ఎదురవుతాయి. ఆ తర్వాత రిగ్రెషన్ (ఒక అంశం ఇంకోదాని మీద ఎంత ప్రభావం చూపిందో అంచనా వేసే గణాంక పద్ధతి), ఖర్చు-ప్రయోజనాల లెక్క, స్టాటా లేదా ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద డేటా పని ఉంటాయి. ఇక్కడ రాసేది ఇరవై పేజీల వ్యాసం కాదు. ఒక శాఖ కార్యదర్శి పది నిమిషాల్లో చదివి నిర్ణయం తీసుకోగలిగేలా రెండు పేజీల నోట్ రాయాలి. పదో తరగతితో లెక్కలు వదిలేసినవాళ్లు దేనికీ సిద్ధపడకుండా పాలసీలో చేరితే రెండో సెమిస్టర్‌లో బోర్లా పడతారు. లెక్కలంటే ఇష్టపడి, చేసిన పనికి ఫలితం కళ్ల ముందు కనిపించాలనుకునేవాళ్లు ఐఆర్‌లో చేరితే సిద్ధాంతాల చర్చలతో విసిగిపోతారు.

ఇది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కోర్సు సిలబస్ డౌన్‌లోడ్ చేసి, మొదటి రెండు సెమిస్టర్ల తప్పనిసరి పేపర్లు మాత్రమే ఒక కాగితం మీద రాయండి. అందులో అర్థశాస్త్రం, గణాంకాలు, పరిశోధనా పద్ధతులు కలిపి మూడో నాలుగో ఉంటే అది పాలసీ కోర్సే, పేరు ఏదైనా సరే. ఒకటే ఉన్నా, అసలు లేకున్నా అది రాజనీతి శాస్త్రం కోవలోది. ఎలక్టివ్‌ల జాబితా చూసి మోసపోవద్దు. ముప్పై పేర్లు అచ్చువేసి, ఆ ఏడాది పాఠం చెప్పడానికి అధ్యాపకులు ఉన్న నాలుగైదు మాత్రమే నడపడం చాలాచోట్ల మామూలే. కిందటి సెమిస్టర్‌లో ఏయే ఎలక్టివ్‌లు నడిచాయని సీనియర్లను అడిగితే అసలు జాబితా తెలుస్తుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. ఐఆర్ చదివితే ఐఎఫ్ఎస్ వస్తుందని అనుకుంటారు. విదేశాంగ సేవలోకి దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. పొలిటికల్ సైన్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆప్షనల్ తీసుకుంటే 250 మార్కుల చొప్పున రెండు పేపర్లు ఉంటాయి. ఐఆర్ ఎంఏలో చదివింది అక్కడ పనికొస్తుంది, అంతవరకే. సివిల్సే లక్ష్యమైనప్పుడు లక్షలు పోసి మాస్టర్స్ కొనడంలో అర్థం లేదు. ఐక్యరాజ్య సమితి ఉద్యోగాల మాట కూడా ఇలాంటిదే. అక్కడ అధికారుల్లో కింది మెట్టు అయిన పీ-2 స్థాయి పోస్టుకు మాస్టర్స్‌తో పాటు కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు. పట్టా చేతబట్టుకుని నేరుగా వెళ్లి చేరడం కుదరదు.

ఇక ఊళ్లో ఉన్నదాని సంగతి. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలన శాఖ ఉంది. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ప్రభుత్వ పాలన (పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్), ప్రభుత్వ విధానం (పబ్లిక్ పాలసీ) ఒకటి కావు. మొదటిది వెబర్, టేలర్ లాంటి పాలనా సిద్ధాంతకర్తలతో మొదలై సిబ్బంది వ్యవహారాలు, బడ్జెట్ ప్రక్రియ, జిల్లా పాలన మీదుగా సాగుతుంది. రెండోది ఒక పథకం పనిచేసిందో లేదో కొలిచే విద్య. గ్రూప్స్‌కు, లెక్చరర్ పోస్టులకు చదివేవారికి మొదటిది చక్కగా సరిపోతుంది. ఇంటి భోజనం, బస్సు పాస్‌తో రెండేళ్లు గడిచిపోతాయి, అప్పు ఉండదు. ఎంచి చూస్తే ఇది తక్కువదేమీ కాదు. ఇదే విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయన కేంద్రం ఉందన్న సంగతి ఊళ్లోనే చాలామందికి తెలియదు. వియత్నాం, ఇండోనేసియా, ఆసియాన్ కూటమి మీద పరిశోధన చేయాలనుకునేవారు ఢిల్లీ రైలు ఎక్కేముందు ఒకసారి ఆ కేంద్రానికి వెళ్లి అధ్యాపకులతో మాట్లాడి రావాలి.

దేశంలో ఐఆర్‌కు పెట్టిన డబ్బుకు తగ్గ చదువు అంటే మా లెక్కలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ) మొదటిది. అక్కడి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌కు మూలం 1955లో పెట్టిన సంస్థ. అది 1970లో జేఎన్‌యూలో కలిసింది. ప్రధానమైన ఎంఏ రాజనీతి శాస్త్రం కిందే ఉంటుంది, అంతర్జాతీయ అధ్యయనాలు అందులో ప్రత్యేకాంశం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మన రాష్ట్రంలో లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు చేసే రోజున దీని విలువ తెలుస్తుంది. పట్టా మీద కేవలం ఐఆర్ అనో, గ్లోబల్ అఫైర్స్ అనో ఉంటే రాజనీతి శాస్త్రంతో సమానమని రుజువు చేసే పత్రం కోసం తిరగాల్సి రావచ్చు. లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో మాత్రం పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్ రెండూ వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి. జేఎన్‌యూ ఫీజు ఏడాదికి వందల్లోనే ఉంటుంది. అసలు ఖర్చు మెస్, పుస్తకాలు, హాస్టల్ గది దొరికేదాకా బయట కట్టే అద్దె. తిరుపతి నుంచి నిజాముద్దీన్‌కు ఏపీ సంపర్క్ క్రాంతి ఉంది కాబట్టి దారి మధ్యలో బండి మారే పని లేదు.

ప్రవేశం కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా. 75 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. పరీక్ష మామూలుగా మార్చిలో జరుగుతుంది, కాబట్టి దరఖాస్తు శీతాకాలంలోనే ముగిసిపోతుంది. మనవాళ్లు తప్పేది మూడుచోట్ల. మొదటిది, డిగ్రీ పరీక్షలయ్యాక చూద్దామనుకుని గడువు దాటబెట్టడం. రెండోది, ఏ కోర్సుకు ఏ పేపర్ రాయాలో ఆ విశ్వవిద్యాలయం బ్రోచర్‌లో చూడకుండా అంచనాగా ఎంచుకోవడం. మూడోది అన్నిటికన్నా బాధాకరం: మంచి మార్కులు వచ్చాక కూడా విశ్వవిద్యాలయం పోర్టల్‌లో విడిగా నమోదు కావాలని తెలియక సీటు పోగొట్టుకోవడం. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో బీఏ చేసినవారికి విషయం వచ్చినా పదాలు అడ్డం పడతాయి. సార్వభౌమాధికారం, అధికార సమతౌల్యం, అలీన విధానం లాంటి రెండు మూడు వందల మాటలకు ఇంగ్లీషు సమానార్థకాలు సొంతంగా నోట్‌బుక్‌లో రాసుకుని ఆరు నెలలు చదివితే ఈ అడ్డంకి దాటవచ్చు. ప్రతిభ చాలకపోవడం వేరు, పదాలు తెలియకపోవడం వేరు. ఈ పిల్లలకున్నది రెండోది మాత్రమే.

ఇదే పరీక్షతో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ పొలిటికల్ సైన్స్, పుదుచ్చేరిలో పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ అందుతాయి. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్తుంది, హైదరాబాద్ క్యాంపస్ అక్కడికి దగ్గరే. ఢిల్లీలోని సౌత్ ఏషియన్ యూనివర్సిటీని దక్షిణాసియా కూటమి సార్క్ దేశాలు కలిసి పెట్టాయి, 2010లో మొదలైంది. పొరుగు దేశాల విద్యార్థులతో ఒకే బెంచీ మీద కూర్చుని దక్షిణాసియా రాజకీయాలు చదవడం ఇంకెక్కడా దొరకని అనుభవం.

పాలసీ కోసమైతే మనకు దగ్గర బెంగళూరే. చిత్తూరు, పలమనేరు వాళ్లకు మరీ దగ్గర. నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ 2014లో మొదలైంది. ప్రవేశం వాళ్ల సొంత పరీక్ష ఎన్‌ఎల్‌శాట్ ద్వారా. అందులో బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు రాత భాగం కూడా ఉంటుంది. బిట్ బ్యాంకులతో తయారైనవారు ఆ రాత భాగంలోనే వెనకబడతారు. చట్టం ఎలా తయారవుతుంది, కోర్టులో ఎలా నిలుస్తుంది అన్న కోణం ఇక్కడి బలం. ఫీజు లక్షల్లో ఉంటుంది కాబట్టి ముందు ఒక చిన్న అడుగు వేసి చూడటం మేలు. తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ ఆన్‌లైన్‌లో 12 వారాల పాలసీ సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. అది డిగ్రీ కాదు, ఉద్యోగానికి అర్హతగా చూపలేం. కానీ ప్రోత్సాహకాలు, మార్కెట్ వైఫల్యం, ప్రభుత్వ వైఫల్యం అనే ఆలోచనా పద్ధతి మనకు పడుతుందో లేదో మూడు నెలల్లో తేలిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట చదవచ్చు.

విదేశాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. జార్జ్‌టౌన్, జాన్స్ హాప్కిన్స్ సైస్, కొలంబియా సీపా, టఫ్ట్స్ ఫ్లెచర్ లాంటి అమెరికా స్కూళ్ల పేర్లకు విలువ ఉంది, ధర కూడా అంతే. సీపాలో ట్యూషనే ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది. న్యూయార్క్ అద్దెలు కలిపితే రెండేళ్లకు మన డబ్బులో కోటిన్నర పైమాటే. సహాయం లేకుండా ఈ ఖర్చు పెట్టి ఐఆర్ చదవమని తిరుపతిలో ఏ మధ్యతరగతి కుటుంబానికీ మేం చెప్పలేం. కారణం జీతం ఒక్కటే కాదు. అమెరికాలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కాని కోర్సుకు చదువయ్యాక పని చేసే అనుమతి 12 నెలలే, స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు పెరుగుతుంది. ఐఆర్ కోర్సులు ఎక్కువ భాగం స్టెమ్‌లో రావు, గణాంకాల బరువున్న కొన్ని పాలసీ కోర్సులు వస్తాయి. దరఖాస్తుకు ముందే ఆ కోర్సు ఏ విభాగం కిందికి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఏదో ప్రవేశాల కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. పైగా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపుగా ఆ దేశ పౌరులకే. పాలసీ స్కూళ్ల ప్లేస్‌మెంట్ నివేదికల్లో కనిపించే పేర్లలో చాలా మన దేశం నుంచి వెళ్లినవారికి అందనివే. నివేదిక చూసేటప్పుడు విదేశీ విద్యార్థుల అంకెలు విడిగా ఇమ్మని అడగాలి.

స్కాలర్‌షిప్ ముందు, కాలేజీ తర్వాత అన్న వరసలో వెళ్తే దారి దొరుకుతుంది. బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చెవెనింగ్ అక్కడ ఏడాది మాస్టర్స్‌కు పూర్తి ఖర్చు ఇస్తుంది. దానికి రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల అనుభవం అడుగుతారు. మూడేళ్ల బీఏ ఒక్కటే ఉన్నవారికి అది చాలదు, నాలుగేళ్ల ఆనర్స్ గానీ, బీఏ పైన పీజీ గానీ ఉండాలి. ఎస్వీయూలో చేసిన ఎంఏ ఇక్కడ అక్కరకొస్తుంది. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వారి హెల్ముట్ ష్మిట్ కార్యక్రమం పాలసీ, సుపరిపాలన కోర్సులకే ప్రత్యేకం. యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం ఎరాస్మస్ ముండుస్ వాళ్ల మాప్ పబ్లిక్ పాలసీ కోర్సులో రెండేళ్లు రెండు దేశాల్లో చదవచ్చు. ఎస్సీ విద్యార్థులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. అయితే భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు సంబంధించిన అంశాలను 2022లో అందులోంచి తీసేశారు. కాబట్టి ఎంచుకున్న కోర్సు ఆ మినహాయింపు కిందికి రాకుండా చూసుకోవాలి.

అప్పు తీసుకునేవాళ్లు బ్యాంకు మేనేజర్ దగ్గరికి కాలేజీ ఖాయమయ్యాక కాదు, ముందే వెళ్లాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. మన జిల్లాలో ఆస్తి అంటే మామిడి తోట, మాగాణి. అక్కడే చిక్కు. బకాయి పడితే తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా అమ్ముకునే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమిని వేలం నుంచి మినహాయించింది, అందుకే బ్యాంకులు దాన్ని హామీగా తీసుకోవడానికి వెనకాడతాయి. పది ఎకరాల తోతాపురి తోట కాదన్నచోట, టౌన్‌లో అనుమతి పొందిన లేఅవుట్‌లోని చిన్న ప్లాటు సరిపోతుంది. ఈసీ, లింకు దస్తావేజులు ముందే తీయించి పెట్టుకుంటే నెల రోజులు కలిసొస్తాయి.

కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. ఉచితంగా సలహా ఇస్తామనేవారిలో చాలామందికి ఆదాయం విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమీషన్. పేరున్న పాలసీ స్కూళ్లు, పూర్తి స్కాలర్‌షిప్‌లు ఆ జాబితాలో దాదాపుగా ఉండవు. అందుకే వాటి ఊసు రాదు. వీసా కాగితాలు సర్దడానికి వారి సాయం తీసుకోవచ్చు. కోర్సు ఎంపిక, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయడం మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. ఒకే అచ్చులో పోసిన వ్యాసాలను ఎంపిక కమిటీ మొదటి పేరాలోనే పట్టేస్తుంది. తిరుపతి గురించి రాయాలంటే తిరుమల భక్తి గురించి రాయనక్కర్లేదు. స్వర్ణముఖి ఇసుక, శ్రీసిటీ ఫ్యాక్టరీలు, పల్ప్ ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్ల వరస, వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా పాలసీ ప్రశ్న దొరుకుతుంది.

చివరి పని చిన్నదే, కానీ దీని దగ్గర ఆగిపోయిన దరఖాస్తులు ఎన్నో. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో పేరు చివర చేరుతుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే పాస్‌పోర్టును పదో తరగతి మెమోకు సరిపోయేలా మార్పించడమో, ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ తీసుకోవడమో డిగ్రీ ఐదో సెమిస్టర్‌లోనే ముగించాలి. ట్రాన్‌స్క్రిప్టులకు (విశ్వవిద్యాలయం ఇచ్చే మార్కుల అధికారిక పత్రాలు) దరఖాస్తు కూడా అప్పుడే. కవర్లు సీలు వేసి చేతికి వచ్చేదాకా పరీక్షల విభాగం చుట్టూ తిరగడానికి రెండు నెలలు పక్కన పెట్టుకోండి.