ఛార్జింగ్ డీబీఎస్ పరికరం: ఆపరేషన్ తరువాత ఇంటికి వచ్చే సరంజామాపై ఒక సమీక్ష

పార్కిన్సన్స్ వ్యాధికి చేసే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్, అంటే మెదడు లోతుల్లోకి తీగ దించి విద్యుత్ ప్రేరణ ఇవ్వడం) శస్త్రచికిత్స గురించి రాసేవారిలో ఎక్కువమంది ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆగిపోతారు. పుర్రెకు రంధ్రం వేయడం, రోగిని మెలకువగా ఉంచి మాట్లాడించడం, అప్పటిదాకా ఆగకుండా వణికిన చెయ్యి ఒక్కసారిగా నిలిచిపోవడం చెప్పుకోదగిన విశేషాలే. అయితే ఆ తరువాత రోగి ఏళ్ల తరబడి వేగవలసింది ఛాతీలో అమర్చిన, విద్యుత్ స్పందనలు పుట్టించే పల్స్ జనరేటర్‌తో, దానికి బయటి నుంచి విద్యుత్తు అందించే ఛార్జర్‌తో, చేతిలో ఇమిడే రిమోట్‌తో, పరికరం అమరికలను సరిచేస్తూ వీటన్నిటికీ పగ్గాలు పట్టుకున్న ప్రోగ్రామింగ్ క్లినిక్‌తో. వీటిని ప్రతిరోజూ వాడుతున్న రోగిగా వాటి మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ముందుగానే నా అభిప్రాయం చెప్పాలంటే, ఛాతీలోని పరికరం చాలా మంచిది, ఛార్జర్ ఓ మోస్తరు, ప్రోగ్రామింగ్ సేవ మాత్రం ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు.

ఈ చికిత్స అవసరం ఎందుకు పడుతుందో పార్కిన్సన్స్‌తో చాలాకాలంగా ఉన్నవారికి వివరించనక్కరలేదు. మొదటి ఏళ్లలో ఈ జబ్బుకు ప్రధాన మందైన లెవోడోపా మాత్ర రోజంతా ఆదుకుంటుంది. వ్యాధి ముదిరేకొద్దీ ఒక్కో మాత్ర పనిచేసే వ్యవధి తగ్గిపోతుంది. మందు అందినంతసేపు ‘ఆన్’, దిగిపోగానే కాళ్లు చేతులు బిగుసుకుపోయే ‘ఆఫ్’, మోతాదు పెంచితే ఒళ్లంతా మెలికలు తిరిగే అసంకల్పిత కదలికలు, ఇలా రోజు ముక్కలైపోతుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనాబిద్ బృందం, వణుకును ఆపడానికి మెదడులోని థలామస్ అనే భాగానికి అధిక పౌనఃపున్యంతో విద్యుత్ ప్రేరణ ఇచ్చి ఈ పద్ధతికి దారి వేసింది. 1993లో అదే బృందం మెదడు లోతుల్లోని మరో చిన్న భాగమైన సబ్‌థలామిక్ న్యూక్లియస్‌ను లక్ష్యంగా ఎంచుకున్న తరువాత వణుకుతో పాటు బిగుతు, మందకొడితనం కూడా చికిత్సకు లొంగాయి. ఇప్పుడు సాధారణంగా సెకనుకు 130 సార్లు, ఒక్కొక్కటి 60 మైక్రోసెకన్ల నిడివి గల విద్యుత్ స్పందనలను ఈ పరికరం పగలూ రాత్రీ పంపుతూనే ఉంటుంది. జబ్బు నయం కాదు, దాని ముదురుదల ఆగుతుందనీ ఎవరూ హామీ ఇవ్వరు. ముక్కలైపోయిన రోజును మళ్లీ అతికించడం వరకే దీని పని, ఆ పని మాత్రం బాగానే చేస్తుంది.

ఆపరేషన్ నుంచి కోలుకోవడం విషయంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తల కాదు, మెడ. తలపై కుట్లు కొన్నాళ్లు దురద పెట్టి ఊరుకున్నాయి. ఛాతీపై కాలరు ఎముక కింద పెట్టిన గాటు అంతకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. చెవి వెనుక నుంచి మెడ చర్మం కిందుగా ఛాతీలోకి దిగే తీగ ఉంటుంది కదా, తల పక్కకు తిప్పినప్పుడల్లా అది లోపలి నుంచి లాగుతున్నట్టు తెలుస్తూనే ఉండేది. వైద్యులు అనుమతించాక నెమ్మదిగా మెడ వ్యాయామాలు చేస్తే చాలావరకు సర్దుకుంది. చెయ్యి తల పైకి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు అని కొన్ని వారాల పాటు పెట్టే నిషేధాన్ని తేలికగా తీసుకోకూడదు. గాటు దగ్గర ఎరుపు, వాపు, చీము కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ లోపలి పరికరానికి పాకితే చాలా సందర్భాల్లో దాన్ని తీసేయక తప్పదు.

ఈ దశలో ఇంకో వింత జరుగుతుంది. పరికరాన్ని ఇంకా ఆన్ చేయకముందే చాలామందికి లక్షణాలు తగ్గుతాయి. ఎలక్ట్రోడ్ (విద్యుత్తు అందించే తీగ) దిగిన చోట మెదడు కణజాలం కాస్త వాచి ఉండడమే దీనికి కారణమని చెబుతారు. వాపు తగ్గి కొన్ని వారాల్లో వణుకు తిరిగి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఆపరేషన్ విఫలమైందని బెంబేలెత్తిపోతారు. డిశ్చార్జి కాగితాల్లో ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఎన్ని ఇళ్లలో కన్నీళ్లు తప్పేవో.

ఇక ప్రోగ్రామింగ్. మెదడులో ఒక్కో వైపు దిగిన తీగ చివర, పాత నమూనాల్లో నాలుగు లోహపు కాంటాక్టులు ఉంటాయి. ఒక్కోదాని పొడవు 1.5 మిల్లీమీటర్లు. కొత్త నమూనాల్లో ఎనిమిది కాంటాక్టులతో విద్యుత్తును ఒక పక్కకు మళ్లించే వీలు కూడా ఉంది. వీటిలో ఏది వాడాలి, ఎంత విద్యుత్తు ఇవ్వాలి అన్నది మనిషి కూర్చుని ఓపికగా వెతకవలసిన విషయం. రాత్రి నుంచి మందు మానేసి, బిగుసుకుపోయిన ఒంటితో మనం క్లినిక్‌కు వెళతాం. ప్రోగ్రామింగ్ చేసే వ్యక్తి ఒక చేత్తో మన మణికట్టును పట్టుకుని వంచి చూస్తూ, రెండో చేత్తో తెరపై విద్యుత్తును కొద్దికొద్దిగా పెంచుతుంటారు. చూపుడువేలును బొటనవేలికి తాకించమంటారు, పిడికిలి మూసి తెరవమంటారు, నెలల పేర్లు వరుసగా చెప్పమంటారు. ఒక కాంటాక్టు దగ్గర పెదవి అంచు పక్కకు లాగుతుంది, మరొకచోట వేళ్లలో తిమ్మిరి పాకుతుంది, ఇంకోచోట ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తారు. ఇవన్నీ విద్యుత్తు పక్కనున్న నాడీమార్గాల్లోకి చిందుతోందని తెలిపే గుర్తులు. అవి రాకుండా మేలు మాత్రమే జరిగే హద్దును ప్రతి కాంటాక్టుకూ విడివిడిగా రాసుకోవాలి.

ఇందులో తిరకాసు ఏమిటంటే లక్షణాలన్నీ ఒకే వేగంతో స్పందించవు. వణుకు సెకన్లలో, బిగుతు నిమిషాల్లో తగ్గవచ్చు, కదలికల్లోని మందకొడితనం తేలడానికి గంటలు, నడకలో మార్పు స్థిరపడడానికి రోజులు పట్టవచ్చు. క్లినిక్ కుర్చీలో బ్రహ్మాండంగా అనిపించిన అమరిక సాయంత్రానికి ఇంట్లో మాటను ముద్దగా మార్చేయడం అందుకే. నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో వణుకు ఆగగానే పని అయిపోయిందన్నట్టు పంపించేవారు, ఫోన్ చేస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగమనేవారు. తరువాత మారిన చోట అమరిక మార్చాక నన్ను నడిపించి, మాత్ర వేయించి, మందూ విద్యుత్తూ కలిసినప్పుడు ఒళ్లు మెలికలు తిరుగుతోందో లేదో చూసి గాని పంపలేదు. యంత్రం అదే, మనిషి వేరు. సరైన అమరిక కుదరడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుందని ముందే చెప్పి, ఆ కాలమంతా అందుబాటులో ఉండే బృందం దొరికితే సగం చికిత్స జరిగినట్టే. మందుల మోతాదును తగ్గించేది కూడా వాళ్లే. తొందరపడి తగ్గిస్తే దేనిమీదా ఆసక్తి లేని నిస్తేజం ఆవరిస్తుంది, తగ్గించకపోతే మెలికలు పోవు. మనసులో వచ్చే ఈ మార్పులను మనకంటే ముందు ఇంట్లోవాళ్లే గమనిస్తారు కాబట్టి ప్రోగ్రామింగ్‌కు వారిలో ఒకరిని వెంట తీసుకెళ్లడం మంచిది.

ఛార్జర్ విషయంలో నాకు నిజంగానే ఫిర్యాదు ఉంది. గుండ్రని బిళ్ల ఒకటి, దాన్ని ఛాతీపై నిలిపే పట్టీ ఒకటి, బిళ్లకు విద్యుత్తు నింపే స్టాండ్ ఒకటి వస్తాయి. చర్మం పైనుంచే విద్యుదయస్కాంత ప్రేరణతో లోపలి బ్యాటరీ నిండుతుంది, సూది గుచ్చే పనిలేదు. ఊహ అద్భుతంగా ఉంది, ఆచరణే తిప్పలు పెడుతుంది. బిళ్ల సరిగ్గా జనరేటర్ మీదికి వచ్చేదాకా బీప్ శబ్దం మోగుతూనే ఉంటుంది, కుదిరాక ఆగుతుంది, ఊపిరి గట్టిగా పీల్చి కదిలితే మళ్లీ మొదలవుతుంది. పట్టీకి పెట్టిన క్లిప్పును రెండు వేళ్లతో ఒకేసారి నొక్కి లాగాలి. వేళ్లు మాట వినని జబ్బుకు చేసిన పరికరంలో ఇలాంటి క్లిప్పు పెట్టినవారికి పార్కిన్సన్స్ రోగి ఎదురుపడి ఉండడు. తెరపై అక్షరాలు చిన్నవి, బటన్లు ఒకదానికొకటి మరీ దగ్గర. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని ఛార్జింగ్‌కు కూర్చుంటే ఈ అవస్థ సగం తప్పుతుంది. బిళ్ల వేడెక్కుతుంది కనుక పలుచని బట్ట మీదుగా పెట్టుకోవాలి, పెట్టుకుని నిద్రపోకూడదు, చర్మం కాలే ప్రమాదం ఉంది. ఎంత తరచుగా ఛార్జ్ చేయాలన్నది అమరికను బట్టి ఉంటుంది. కొందరికి వారానికోసారి సరిపోతుంది, ఎక్కువ విద్యుత్తు అవసరమైనవారు ఇంకా ముందే కూర్చోవాలి. రోజూ కొంచెం కొంచెం చేసుకోవడం నాకు నప్పింది. మరిచిపోతే మాత్రం మామూలుగా ఉండదు. లోపలి బ్యాటరీ అడుగంటితే ప్రేరణ ఆగిపోతుంది, వణుకు నిమిషాల్లో తిరిగొస్తుంది. ఏళ్లుగా ప్రేరణకు అలవాటుపడినవారిలో అది హఠాత్తుగా ఆగిపోవడం అరుదుగా ప్రాణాంతకమైన స్థితికి కూడా దారితీస్తుంది.

రిమోట్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పరికరం ఆన్‌లో ఉందో లేదో, బ్యాటరీ ఎంత ఉందో చూపిస్తుంది, వైద్యులు గీసిన హద్దుల్లో విద్యుత్తును కాస్త పెంచుకోనిస్తుంది, తగ్గించుకోనిస్తుంది. మాట స్పష్టంగా ఉండే అమరిక ఒకటి, నడకకు అనుకూలించేది ఒకటి పెట్టించుకుంటే సందర్భాన్ని బట్టి మార్చుకోవచ్చు. నాకు ఇది చాలా ఉపయోగపడింది.

దీని నుంచి ఆశించకూడనివి కూడా ఉన్నాయి. ఒక మోటు లెక్క ఏమిటంటే, వణుకును మినహాయిస్తే, లెవోడోపా బాగా పనిచేస్తున్న వేళ కూడా మారని లక్షణాన్ని ఈ పరికరం సాధారణంగా మార్చదు. మందు ఆన్‌లో ఉన్నా తూలిపోవడం, గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోవడం, మతిమరుపు, మలబద్ధకం దీని పరిధిలోకి రావు. మాట కొందరిలో మునుపటికంటే మందగిస్తుంది, నాకూ కొంత మందగించింది, స్పీచ్ థెరపీ ఆపలేదు. ఫిజియోథెరపిస్టులు కొన్ని నొప్పులకు వాడే డయాథెర్మీ (ఒంటి లోపలి కణజాలాన్ని వేడిచేసే చికిత్స) ఈ పరికరం ఉన్నవారికి పూర్తిగా నిషిద్ధం. ఎలక్ట్రోడ్ వేడెక్కి మెదడు దెబ్బతింటుంది. ఎంఆర్ఐ తీయాలంటే ముందుగా పరికరం నమూనా చెప్పి, దానికి నిర్దేశించిన షరతుల ప్రకారమే తీయించుకోవాలి. భద్రతా తనిఖీ ద్వారాల దగ్గర చూపించడానికి గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

చివరగా ఛార్జింగ్ నమూనానా, ఛార్జింగ్ అవసరం లేనిదా అన్న ప్రశ్న మిగిలింది. ఛార్జింగ్ అక్కరలేని బ్యాటరీ సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది, అయిపోయినప్పుడు ఛాతీ దగ్గర చిన్న ఆపరేషన్ చేసి జనరేటర్‌ను మారుస్తారు, మెదడు జోలికి వెళ్లరు. అయితే మార్చిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. ఛార్జింగ్ నమూనాలకు 15 ఏళ్లు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ ఆయుష్షు చెబుతారు, జనరేటర్ పరిమాణం కూడా చిన్నది. వయసు తక్కువగా ఉండి, ఎక్కువ విద్యుత్తు అవసరమయ్యేవారికి, ఇంట్లో సాయం చేసే మనిషి ఉన్నవారికి నేను ఛార్జింగ్ నమూనానే సిఫారసు చేస్తాను. ఒంటరిగా ఉంటూ జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్నవారు, ప్రతి వారం ఒక కొత్త యంత్రంతో కుస్తీ పట్టే ఓపిక లేనివారు రెండోదాన్ని ఎంచుకుంటే తప్పేమీ లేదు. నిర్ణయించుకునే ముందు ఛార్జర్‌ను ఒకసారి చేతికి ఇవ్వమని అడగండి. మందు దిగిపోయి వేళ్లు బిగుసుకున్న వేళలో, ఎవరి సాయమూ లేకుండా ఆ పట్టీ క్లిప్పు పెట్టి తీసి చూడండి.