ట్రక్కుకీ క్యాంపర్‌కీ కలిపి ఒకే శాటిలైట్ రేడియో: చాలాకాలం వాడాక సమీక్ష

పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ (పడుకోడానికి, వండుకోడానికి వీలుండే బండి) తగిలించుకుని అమెరికా పడమటి రాష్ట్రాలు తిరిగేవాళ్లకి ఫోన్ ఎక్కడెక్కడ మూగబోతుందో బాగా తెలుసు. శాన్ ఆంటోనియో దాటి ఎల్ పాసో వైపు వెళ్లే ఐ-10, నెవాడాలో యూఎస్-50, ఎల్లోస్టోన్ లోపలి క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో పాట మధ్యలోనే ఆగిపోతుంది. ఇలాంటి చోట్ల పనికొచ్చేది శాటిలైట్ రేడియో, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే చందా రేడియో. 2008లో సిరియస్, ఎక్స్ఎం విలీనమయ్యాక ఈ సేవకి మిగిలింది సిరియస్ఎక్స్ఎం ఒక్కటే. కాబట్టి ఏ కంపెనీ అన్నది తేల్చుకోనక్కర్లేదు. ఏ రిసీవర్ కొనాలి, ఎన్ని చందాలు కట్టాలి, యాంటెన్నా ఎక్కడ పెట్టాలి అన్నవే చూసుకోవాలి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: డాక్‌లోంచి (రిసీవర్‌ని కూర్చోబెట్టే స్టాండు) ఊడదీసి పట్టుకెళ్లగలిగే రిసీవర్ ఒకటి, దానికి వెహికల్ కిట్లు (డాక్, యాంటెన్నా, కరెంటు అడాప్టర్) రెండు. ఒక కిట్ ట్రక్కులో, ఒకటి క్యాంపర్‌లో శాశ్వతంగా బిగించాలి. చందా మనిషికి కాదు, రిసీవర్‌కి ఉండే రేడియో ఐడీ అనే గుర్తింపు సంఖ్యకి. రిసీవర్ ఒక్కటే అయితే చందా కూడా ఒక్కటే. ఓనిక్స్ ఈజెడ్ఆర్ ఇలాంటిదే. అరచేతిలో పడుతుంది, ప్రసారాన్ని ఆపి వెనక్కి తిప్పుకోవచ్చు.

క్యాంపర్‌కి చాలామంది హోమ్ కిట్ కొంటారు. దాంతో వచ్చే అడాప్టర్ 120 వోల్టులది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉంటేనో, ఇన్వర్టర్ నడుస్తుంటేనో తప్ప అది పనిచెయ్యదు. వెహికల్ కిట్ అయితే క్యాంపర్ గోడలోని 12 వోల్టుల సాకెట్‌లో పెడితే చాలు, బ్యాటరీ మీదే నడుస్తుంది. పైగా వాహనాల యాంటెన్నా పైకి చూస్తూ అన్ని వైపుల నుంచీ సిగ్నల్ పట్టుకుంటుంది కాబట్టి చేరిన చోటల్లా గురి పెట్టే పని ఉండదు. హోమ్ యాంటెన్నాకి మాత్రం ఒక గొప్ప ఉపయోగం ఉంది, అది కింద చెప్తాను.

ట్రక్కులోని స్టీరియో సిరియస్ఎక్స్ఎం-రెడీ రకమైతే ఎస్ఎక్స్‌వి 300 ట్యూనర్ తగిలించవచ్చు. తెర మీద ఛానెళ్లు చక్కగా కనిపిస్తాయి, శబ్దం నేరుగా వస్తుంది. కానీ అది డాష్‌బోర్డ్ వెనక ఉండిపోతుంది, క్యాంపర్‌కి ఇంకో ట్యూనర్, ఇంకో చందా కావాలి. ట్రక్కుతోనే వచ్చిన రేడియోకీ ఇదే ఇబ్బంది. 2019 ర్యామ్ 1500తో మొదలైన 360ఎల్ రకం రేడియోలు ఉపగ్రహాన్నీ ఇంటర్నెట్‌నీ కలిపి వాడతాయి. టూర్ అనే విడి రిసీవర్ కూడా ఆ రకమే. నెట్ లేని చోట దానికీ ఉపగ్రహమే దిక్కు. అడవుల్లో, ఎడారుల్లో తిరగడానికి దాని కోసం ఎక్కువ పెట్టడం మాకు దండగ అనిపించింది.

ఇక యాంటెన్నా. ఈ రేడియో బాగోగులు తొంభై పాళ్లు దీని మీదే ఆధారపడతాయి. సిగ్నల్ 2.3 గిగాహెర్ట్జ్ పరిధిలో వస్తుంది, ఆకాశం నేరుగా కనపడాలి. ఇప్పటి విడి రిసీవర్లు వాడే ఎక్స్ఎం ఉపగ్రహాలు 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గర భూమధ్యరేఖ మీద ఉంటాయి, అంటే మనకి దక్షిణాన. డాలస్‌లో అవి సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటాయి. సియాటిల్‌లో రెండింటిలో ఎత్తుగా ఉన్నది కూడా 35 డిగ్రీలే. దీన్నిబట్టి లెక్క వేస్తే, 60 అడుగుల చెట్టు డాలస్‌లో 50 అడుగుల దూరం వరకూ అడ్డు, సియాటిల్ దగ్గర 85 అడుగుల వరకూ అడ్డు. వానకి తడిసిన ఆకులు మరీ అడ్డు. స్మోకీ పర్వతాల్లో దట్టమైన చెట్ల కింద సైటు దొరికితే క్యాంపర్ కప్పు మీది యాంటెన్నా పనిచేస్తుందని ఆశ పెట్టుకోకండి. హోమ్ యాంటెన్నా అక్కడే ఆదుకుంటుంది. సుమారు 20 అడుగుల తీగతో దాన్ని ఖాళీ ఉన్న వైపుకి తీసుకెళ్లి, దక్షిణానికి తిప్పి, రిసీవర్‌లోని సిగ్నల్ గీతలు చూస్తూ నెమ్మదిగా సర్దాలి. 50 అడుగుల పొడిగింపు తీగ కూడా దొరుకుతుంది. క్యాంపర్‌లో వెహికల్ కిట్ యాంటెన్నా తీగ ఊడదీసి ఆ స్థానంలో దీన్ని పెట్టుకోవచ్చు, రెండింటి కొనా ఎస్ఎంబీ అనే ఒకే రకం ప్లగ్గే.

యాంటెన్నా అడుగున అయస్కాంతం ఉంటుంది. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. 2015 మోడల్ నుంచి ఎఫ్-150, 2017 నుంచి సూపర్ డ్యూటీ ట్రక్కుల బాడీ అల్యూమినియం, అయస్కాంతం అంటదు. క్యాంపర్ కప్పు ఫైబర్ గ్లాస్ అయినా రబ్బరు అయినా అంతే. పలుచటి ఉక్కు రేకు ముక్క అతికించి దాని మీద పెట్టాలి. ఫైబర్ గ్లాస్ మీద గట్టి రెండువైపుల టేపు బాగా పడుతుంది. ఈపీడీఎం రబ్బరు కప్పు మీద అది నిలవదు, అక్కడ డైకార్ లాంటి కప్పుల సీలెంట్ వాడాలి. పెట్రోలియం కలిసిన జిగురు ఏదైనా ఆ రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది.

ట్రక్కు కప్పు మీద అంచుకి కనీసం 3 అంగుళాలు లోపలికి పెట్టండి. క్యాంపర్ మీద ఏసీ పెట్టె నీడ నుంచి తప్పించాలి. అడుగు ఎత్తున్న ఏసీకి కనీసం రెండు అడుగుల దూరం వదలండి, ఎందుకంటే క్యాంపర్ ఏ రోజు ఏ వైపు తిరిగి నిలబడుతుందో తెలీదు. ట్రక్కు తొట్టిలోనే కూర్చునే క్యాంపర్ అయితే దాని ముందుభాగం ట్రక్కు కప్పుని పూర్తిగా కప్పేస్తుంది. పైన అల్యూమినియం రేకు ఉంటే కింద సిగ్నల్ రాదు. అప్పుడు ట్రక్కు యాంటెన్నా బానెట్ మీదకి మార్చాలి.

తీగని తలుపు రబ్బరు మధ్య నలిగేలా పోనివ్వకండి. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల సిగ్నల్ తీగని చుట్టి ఉండే వలతీగ తెగి ఉంటుంది. ట్రక్కులో మూడో బ్రేక్ లైటు సందులోంచి లోపలికి తెస్తే చక్కగా ఉంటుంది. పక్క స్తంభాల తొడుగుల్లోంచి తెస్తే కర్టెన్ ఎయిర్ బ్యాగ్‌కి వెనకవైపు నుంచి పోనివ్వాలి, ముందు నుంచి కాదు. క్యాంపర్ కప్పుకి కొత్త చిల్లు పెట్టొద్దు, సోలార్ తీగలు దిగే చోటునే వాడుకోండి. ఫ్రిజ్ గాలి గొట్టంలోంచి దింపేవాళ్లు గ్యాస్ ఫ్రిజ్ పొగగొట్టం వేడికి దూరంగా కట్టాలి.

కరెంటు విషయంలో ఒక్క హెచ్చరిక: పవర్‌కనెక్ట్ డాక్‌కి (ఇప్పటి వెహికల్ కిట్లలో వచ్చే రకం) 5 వోల్టులే వెళ్లాలి, సాకెట్‌లోని 12 వోల్టులని కిట్‌తో వచ్చే అడాప్టరే 5కి తగ్గిస్తుంది. పాత కిట్ల 12 వోల్టుల అడాప్టర్ ప్లగ్గు దూరింది కదా అని పెడితే రిసీవర్ కాలిపోవచ్చు. పాతవి పెట్టెలో ఉంటే పారేయండి. ట్రక్కు సాకెట్ తాళం తీశాక కూడా కరెంటు ఇచ్చే రకమైతే రేడియో ఆపడం మర్చిపోకూడదు.

శబ్దానికి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ (శబ్దాన్ని ఖాళీ ఎఫ్ఎం స్టేషన్ మీద స్టీరియోకి పంపేది) కన్నా రిసీవర్‌ని నేరుగా స్టీరియోకి కలిపే ఆక్స్ తీగ ఎప్పుడూ మేలు. ఎఫ్ఎంలో ఖాళీగా ఉన్న స్టేషన్ ఊరు మారగానే ఖాళీగా ఉండదు, డ్యాష్‌క్యామ్ రొద కూడా తోడవుతుంది. ఆక్స్‌లో ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఈల వినిపిస్తే అది గ్రౌండ్ లూప్ (వాహనం కరెంటు రొద శబ్దం తీగలోకి చేరడం), తీగ మధ్యలో దాన్ని ఆపే ఐసొలేటర్ ఒకటి పెడితే పోతుంది. నాణ్యత గురించి నిజం చెప్పాలంటే వార్తలకి, ఆటల వ్యాఖ్యానానికి చక్కగా ఉంటుంది. సంగీతంలో పై స్వరాలు పలచబడతాయి. మంచి స్పీకర్లు ఉన్నవాళ్లకి ఫోన్‌లో దాచుకున్న పాటే బాగుంటుంది.

తెర మీద "చెక్ యాంటెన్నా" అంటే తీగ ఊడింది లేదా తెగింది. "నో సిగ్నల్" అంటే తీగ బాగానే ఉంది, ఆకాశం కనపడడం లేదు. వంతెనల కింద ఆగకపోవడానికి కారణం, ఒక ఉపగ్రహం నుంచి వచ్చే ప్రసారం రెండోదాని కన్నా కొన్ని సెకన్లు ఆలస్యంగా రావడం. లోయల్లో, యూటాలోని జయాన్ పార్కు సొరంగంలో మాత్రం ఆగుతుంది. ఊళ్లలో అదే ప్రసారాన్ని మళ్లీ పంపే నేల మీది రిపీటర్లు ఆదుకుంటాయి, అడవిలో అవి లేవు. అలాస్కా, హవాయి వెళ్లేవాళ్లకి ఉపగ్రహ సేవ దొరకదు.

యాక్టివేట్ చేసేటప్పుడు 0 ఛానెల్‌లో రేడియో ఐడీ కనిపిస్తుంది. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు ఉండవు కాబట్టి 1నో, 0నో, 5నో అని అర్థం చేసుకోండి. చలికాలమంతా మూలపడ్డ రేడియో చందా ఉన్నా ఛానెళ్లు చూపించకపోవచ్చు. చందాని రేడియోకి మళ్లీ గుర్తుచేసే రిఫ్రెష్ సిగ్నల్ పంపించుకోవడానికి ఫోనో నెట్టో కావాలి, కాబట్టి ఇంటి ముందు ఆరుబయటే ఆ పని చేసుకుని బయల్దేరండి.

తెలుగు పాటల కోసం కొంటే నిరాశే. ఇండియాలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో ఉన్న రోజుల్లో స్పందన అనే తెలుగు ఛానెల్ ఉండేది, 2009 చివరితో ఆ సేవ మూతపడింది. ఇక్కడ తెలుగుకి ఫోన్‌లో దింపుకున్న పాటలే దిక్కు. క్యాంపర్ మీద స్టార్‌లింక్ (ఉపగ్రహ ఇంటర్నెట్) పెట్టుకున్నవాళ్లకి తెలుగు ఇంటర్నెట్ రేడియోలన్నీ వస్తాయి, వాళ్లకి రెండో కిట్ అనవసరం. కాకపోతే స్టార్‌లింక్ మినీ కూడా వాడుతున్నప్పుడు సుమారు పాతిక వాట్లో, అంతకు మించో తింటుంది, ఈ రేడియో అందులో చిన్న వంతుతో నడుస్తుంది.

ప్రకటనలోని ధర మీద సంగీతం రాయల్టీ రుసుము, పన్నులు కలుస్తాయి. మొదటి తగ్గింపు గడువు అయ్యాక పూర్తి ధర మొదలవుతుంది, ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి. రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేశారని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2023 డిసెంబరులో దావా వేశారు, 2024 నవంబరులో కోర్టు కంపెనీని తప్పు పట్టింది. వేసవిలోనే తిరిగేవాళ్లు శరత్కాలంలో రద్దు చేసి, వసంతంలో కొత్త ఆఫర్‌తో అదే రేడియో ఐడీని మళ్లీ తెరిపించుకోవచ్చు.