కడప ఏడు రోడ్ల కాడ మెమరీ కార్డు కొన్న కథ, షాపుకి నా రివ్యూ

షాపు పేరు రాస్తే ప్రమోషన్ అంటారు కాబట్టి రాయను, ఏడు రోడ్ల దగ్గర సందులో చిన్న కెమెరా రిపేరు షాపు, అంతే. అసలు ఈ షాపుకి ఎందుకు పోవాల్సి వచ్చిందో ముందు చెప్పాల. పోయిన నెల ఫ్రెండ్స్‌తో గండికోట పోయినాం, దానికోసం బస్టాండ్ పక్కన బండి మీద 128 జీబీ కార్డు 350 రూపాయలకి కొన్నా, ఫోన్లో వేస్తే 128 అనే చూపిచ్చింది కాబట్టి డౌటే రాలా. సాయంత్రం తీసినవి బాగానే ఉన్నాయి. పొద్దున్నే నాలుగున్నరకి లేచి చలిలో వణుక్కుంటా పెన్నా లోయ మీద సూర్యోదయం తీసినా చూడండి, అవన్నీ ఇంటికొచ్చి చూస్తే ఫైల్ పేరుంది, సైజుంది, నొక్కితే ఓపెన్ కాదు. ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు.

ఆ కార్డు పట్టుకొని ఈ షాపుకి పోతే షాపాయన, అదే మన అన్న, దాన్ని లాప్‌టాప్‌లో పెట్టి హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ రన్ చేసినాడు. అది కార్డు నిండా డేటా రాసి మళ్ళీ చదివి సరిపోయిందా లేదా చెప్తాది. మన 128లో నిజంగా ఉండేది 14 చిల్లర, అంటే లోపల 16 జీబీ చిప్పు పెట్టి ఫోన్‌కి మాత్రం 128 అని అబద్ధం చెప్పేట్లు చేసినారు. ఆ 14 నిండేదాకా అంతా బాగానే ఉంటాది, తర్వాత రాసేదంతా గాల్లోకే పోతాది. సూర్యోదయం అట్లనే పోయింది నాయనా!

కొత్తది ఇమ్మంటే వెంటనే ఇయ్యలా, "దేంట్లో వేస్తావు, ఏం తీస్తావు" అని అడిగినాడు. ఫోన్లో 4కే వీడియోలు, అప్పుడప్పుడు మా బావ కెమెరాలో అని చెప్పినా. గడియారాలోళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం ఇచ్చి కార్డు మీద గోటితో చూపిస్తా ఉంటే అప్పుడు కనపడింది నాకు, మూలన చిన్న వి, పక్కన 30. అది సెకనుకి కనీసం 30 ఎంబీ రాస్తుందని గ్యారంటీ అంట. యూ అక్షరం లోపల 3 ఉన్నా అదే 30, సి లోపల 10 ఉంటే 10 మాత్రమే. డబ్బా మీద కొట్టొచ్చినట్లు 190 అని వేసేది చదివే స్పీడు, అదీ ఆ కార్డు కంపెనీ సొంత రీడర్‌లో పెడితేనే, మామూలు రీడర్లో 104 దాటదు. వీడియో తీసేవాడికి కావాల్సింది రాసే స్పీడు కదా! బావ కెమెరా 100 ఎంబీపీఎస్ అంటాది, నేను దానికి 100 స్పీడు కార్డు కావాలేమో అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళు, అవి బిట్లంట, 8తో భాగిస్తే సెకనుకి 12.5 ఎంబీ, అంటే వి30 చాలు, వి60, వి90కి డబ్బులు తగలెయ్యాల్సిన పని లేదు. కానీ గంటకి 45 జీబీ తింటాది, అందుకే 128.

ఏ1, ఏ2 అనేవి కార్డులో యాప్‌లు వేసుకునేటోళ్ళకి, ఫొటోలకైతే పట్టించుకోవద్దు. సీసీ కెమెరాకైతే హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉండేది తీసుకోండి, అది రాత్రీ పగలూ చెరిపి రాస్తానే ఉంటాది కాబట్టి మామూలుది తొందరగా పోతాది.

నేనుండగానే ఒక పెద్దాయన పాత డిజిటల్ కెమెరా తెచ్చి 64 జీబీ కార్డు ఇయ్యమన్నాడు. అన్న కెమెరా తిప్పి చూసి "సామీ, ఇది ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డు దాకానే తీసుకుంటాది, 32 జీబీ దాటితే పని చేయదు, 16 చాలు మీకు" అని తక్కువదే ఇచ్చి పంపించినాడు. పెద్దది అమ్మేసుంటే ఇంటికి పోయి పెట్టేదాకా ఆయనకి తెలిసేది కూడా కాదు. నాకు ఆడనే నమ్మకం కుదిరింది.

నా కార్డు బండి మీద దానికి మూడింతల పైనే పడింది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెడితే 119 అని చూపిచ్చింది, మళ్ళీ గుండె జారింది, అది మోసం కాదులెండి, జీబీని కంపెనీ వెయ్యితో లెక్కేస్తాది, విండోస్ 1024తో, అందుకే తక్కువ కనపడతాది. అదే టెస్ట్ పెట్టి కారం దోశ తినేసి వచ్చినా, గంటకి అయిపోయింది, ఒక్క ఎర్రర్ లేదు.

షాపులో నచ్చనిది ఒకటే, బిల్లు అడిగితేనే ఇస్తాడు. గట్టిగా అడిగి తీసుకోండి, వారంటీకి కావాల. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మూసేస్తాడు, బండి పెట్టుకోను జాగా లేదు. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తా.

నా దొంగ కార్డు మాత్రం వెనక్కి ఇయ్యలా, కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు, 350కి 128 అడిగేటోళ్ళకి చూపించేదానికి.