డాబాకి తెల్ల పూత ముందు, సోలార్ తర్వాత: మా ఇంటి నాలుగేళ్ల వాడకం

ముందే చెప్తున్నా, ఇది ఆర్కిటెక్ట్‌ని పెట్టి కట్టించుకున్న కొత్త ఇంటి సంగతి కాదు. విజయవాడ సింగ్ నగర్‌లో 1997లో నాన్నగారు కట్టిన ఇల్లు, వంద గజాల స్థలం, కింద అమ్మానాన్న, పైన మేము, పడమర గోడకి పొద్దుగూకే దాకా ఎండ. ఈ ఇంట్లో కరెంటు ఖర్చు తగ్గించాలని ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాను. 2019లో ఫైవ్ స్టార్ ఏసీ, 2021 అక్టోబరులో 3 కిలోవాట్ల సోలార్, 2023 ఎండాకాలంలో ఫ్యాన్లు మార్చడం, చిట్టచివర డాబాకి తెల్ల పూత. వరుస మొత్తం తలకిందులుగా చేశానని ఇప్పుడు తెలుస్తోంది.

ఏసీ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టానే గానీ స్టికర్ మీద ఉన్న ఐఎస్ఈఈఆర్ అంకె, అంటే కరెంటుకి ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె, చూడలేదు. మాది 4.6. అప్పట్లో 4.5 దాటితే అయిదు స్టార్లు. 2022 జులైలో ఆ గీతని 5కి పెంచారు, దాంతో గోడకున్న ఏసీ ఉన్నపళాన నాలుగు స్టార్లదైపోయింది. మెషిన్ అదే, స్టికర్ అదే, విలువ మారింది. అందుకే పాత స్టాక్ తక్కువకి ఇస్తామంటే ఎన్ని స్టార్లో కాదు, ఆ అంకె ఎంతో, లేబుల్ ఏ సంవత్సరందో అడగండి. ఇంకోటి, లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1600 గంటల వాడకానికి. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున రెండొందల రాత్రులకే అది చెల్లు. బెజవాడలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఏసీ వేస్తూ, ఆదివారం మధ్యాహ్నాలు అదనంగా వేస్తూ, లేబుల్‌లో చెప్పినంతే కాలాలంటే ఎలా కాలుతుంది?

అసలు సమస్య మాత్రం ఏసీది కాదు. మే నెలలో 24లో పెట్టి పడుకుంటే రాత్రి ఒంటిగంటకి కూడా బయట యూనిట్ రొద తగ్గేది కాదు. ఇన్వర్టర్ ఏసీ కరెంటు మిగిల్చేది గది చల్లబడ్డాక నెమ్మదించినప్పుడు. మా గదిలో దానికి నెమ్మదించే అవకాశమే దొరికేది కాదు, ఎందుకంటే పగలంతా తాగిన ఎండని శ్లాబ్ రాత్రంతా మా మీదకి వదిలేది. పడుకుంటే మొహానికి అడుగు దూరంలో ఎవరో ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టుండేది. రెండు వేల రూపాయలు పోసి ఏసీ సర్వీసింగ్ చేయించాను, గ్యాస్ చూపించాను, చివరికి ఏసీలో లోపం లేదని తేలింది.

2023 ఏప్రిల్‌లో ఒక చిన్న థర్మామీటర్ కొని సీలింగ్‌కి టేపుతో అంటించాను. రాత్రి 7 గంటలకి బయట 35 ఉంటే సీలింగ్ దగ్గర 41. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. మే మొదట్లో పగుళ్లు పూడ్పించి, డాబా కడిగించి, ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింట్ రెండు కోట్లు వేయించాను. మా 700 చదరపు అడుగులకి కూలీతో కలిపి 14 వేలు. పూత వేశాక అదే వేళకి సీలింగ్ దగ్గర 36 చూపించింది. అంకె కంటే ముందు మాకు తెలిసిందేంటంటే, రాత్రి పదిన్నరకే బయట యూనిట్ చప్పుడు తగ్గడం. నాలుగేళ్లలో నేను పెట్టిన డబ్బులో అన్నిటికంటే తక్కువ పెట్టింది దీనికే, అన్నిటికంటే ఎక్కువ సుఖం వచ్చిందీ దీంతోనే.

అమ్మ మాత్రం "ఇందులో కొత్తేముందిరా, మీ తాతగారింట్లో ఏటా ఉగాదికి ముందు డాబాకి సున్నం కొట్టేవాళ్లు" అంది. నిజమే. సున్నం చవక, కానీ వానలకి కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ కొట్టాలి. పెయింట్ కూడా శాశ్వతం కాదు. రెండు వానాకాలాలు పోయేసరికి మాది పాచి పట్టి, దుమ్ము పట్టి బూడిద రంగుకి వచ్చింది, ఫిబ్రవరిలో బ్రష్‌తో తోమి ఒక కోటు వేయాల్సి వచ్చింది. ఎండలో డాబా ఎక్కితే కళ్లు జిగేలుమంటాయి, అదొకటి. తెలంగాణలో 2023లో దీనికోసమే కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన స్థలమున్నవాళ్లకే తప్పనిసరి. వంద గజాల డాబాల్లో మాడేవాళ్లం మేమేమో ఎవరికి వాళ్లం తెలుసుకోవాలి.

ఇక సోలార్. పెట్టేటప్పుడు "మూడు కిలోవాట్లు, రోజుకి పన్నెండు యూనిట్లు సార్" అన్నారు. యాప్‌లో నేను చూసింది ఏడాదికి 3,900 చిల్లర, అంటే రోజుకి సగటున 10.7. అబద్ధం చెప్పారని కాదు, ఏప్రిల్‌లో 13 వస్తుంది, ఆగస్టులో మబ్బు పట్టి నెలంతా కలిపి 265 వస్తుంది, అంతే తేడా. మే నెలలో ఎండ మండిపోతుంటే బాగా వస్తుందనుకుంటాం గానీ మాకు మేలో ఏప్రిల్ కంటే తక్కువే, 375 దాకా. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కే కొద్దీ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పడిపోతుంది, మే మధ్యాహ్నం ప్యానెల్ మీద చెయ్యి పెట్టలేం.

బిల్లు దగ్గరకొస్తే మన కరెంటు రేట్ల స్లాబులు ఎలా పనిచేస్తాయో తెలుసుకుని లెక్కేయాలి. 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కి 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. సోలార్ తీసేసే యూనిట్లు పై స్లాబువి, అంటే ఖరీదైనవి ముందు పోతాయి. మాది మేలో 620 యూనిట్ల ఇల్లు. సోలార్ లేకపోతే ఇప్పటి రేట్లతో కరెంటు ఛార్జీ 4,690. సోలార్ 375 తీసేస్తే మిగిలిన 245కి 1,190. బ్రహ్మాండం అనిపిస్తుంది కదా. ఇప్పుడు ఇటు చూడండి. ఫ్యాన్లు, తెల్ల పూత అయ్యాక మా మే వాడకం 500కి వచ్చింది. ఇదే ముందు చేసుంటే 2 కిలోవాట్ల సోలార్‌తో 250 తీసేసుకుని అదే పన్నెండొందల బిల్లుకి చేరేవాణ్ణి. మూడో కిలోవాట్ ఇప్పుడు నాకు ఆదా చేసేది ఎక్కువగా 4.50, 6 రూపాయల యూనిట్లనే. దాని మీద పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో లెక్కేయడం మానేశాను.

ప్యానెళ్లని నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్ విషయంలో కక్కుర్తి పడ్డాను. ఎనిమిదడుగుల ఎత్తు స్ట్రక్చర్‌కి పాతిక వేలు ఎక్కువ అవుతుందంటే రెండున్నర అడుగులదే చాలన్నాను. దాంతో అమ్మకి వడియాలు పెట్టుకునే చోటు పోయింది, ఈ దెప్పుడు నాలుగేళ్లుగా నడుస్తోంది. పెయింట్ వేసేటప్పుడు కుర్రాడు పాపం ప్యానెళ్ల కింద బోర్లా పాకుతూ వేశాడు, మూలలు వదిలేశాడు కూడా. వెనకింటివాళ్లు 2023లో మరో అంతస్తు లేపి పైన వాటర్ ట్యాంక్ పెట్టారు, డిసెంబరులో మూడింటికల్లా దాని నీడ ఒక ప్యానెల్ మీద పడుతుంది. ఒక్క ప్యానెలే కదా అనుకోకండి, అన్నీ వరుసగా ఒకే తీగకి కలిపి ఉంటాయి, మిగతావీ దెబ్బతింటాయి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల చారలు కడతాయి, నేను పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున మున్సిపల్ నీళ్లతో తుడుస్తాను. సబ్సిడీ ఊసెత్తితే మాత్రం ఒళ్లు మండుతుంది. ఎదురింటాయన 2024లో కేంద్రం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకుని 78 వేలు అకౌంట్లో వేయించుకున్నాడు.

ఫ్యాన్ల గురించి రెండు ముక్కలు. 75 వాట్ల పాతవి అయిదు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాను, నెలకి 65 యూనిట్ల పైనే తగ్గాయి. కానీ ఒకటి రెండేళ్లకే బోర్డు కాలిపోయింది, మా వీధిలో ఓల్టేజీ అలాంటిది. పాత రెగ్యులేటర్ పనిచేయదు, నాన్నగారికి రిమోట్ కూడా కళ్లజోడులాగే ఎక్కడ పెట్టారో దొరకదు. అందుకే కింద వాళ్ల గదిలో పాతదే ఉంచేశాం.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. కింద ఇంట్లోకి పీకల్లోతు నీళ్లు, అమ్మానాన్నల్ని పైకి తెచ్చుకున్నాం. బ్యాటరీ ఇన్వర్టర్ కింద మెట్ల దగ్గర ఉండేది, మునిగింది. సోలార్ లెక్క చూసే నెట్ మీటరూ మునిగింది. మూడో రోజు ఎండ కాసింది. డాబా మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు మెరుస్తున్నాయి, ఇంట్లో ఫోన్ ఛార్జింగ్‌కి కరెంటు లేదు. ఆన్‌గ్రిడ్ సోలార్ అంటే వీధి లైన్లో కరెంటు లేకపోతే అదీ ఆగిపోతుంది, ఆగాలి కూడా, లేదంటే మన కరెంటు వెనక్కి వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్‌కి కొడుతుంది. ఇది పెట్టించుకునేటప్పుడు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కింటి రెండో అంతస్తు వాళ్ల బ్యాటరీ మిగిలుంటే గోడ మీదుగా వైరు లాగి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నాం. ఇప్పుడు బ్యాటరీని పైన మెట్ల గదిలో స్టాండ్ మీద పెట్టాను. కొత్తగా పెట్టేవాళ్లు లైన్లో కరెంటు లేకపోయినా బ్యాటరీతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ధర కూడా అడిగి చూసుకోండి, ఖరీదే గానీ నీళ్లొచ్చే వీధుల్లో దాని లెక్క వేరు.

మా బామ్మర్ది గుంటూరులో ఇల్లు కడుతున్నాడు, మొదటి కొటేషన్ సోలార్‌దే తెచ్చాడు. ఎకో నివాస్ సంహిత అని 2018లో ఇళ్లకి కేంద్రం ఒక కోడ్ తెచ్చింది, పైకప్పు గుండా చదరపు మీటరుకి ఒక డిగ్రీ తేడాకి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదు అని అందులో ఉంది, ఒట్టి శ్లాబ్ అయితే అంతకి రెట్టింపు పైనే దింపుతుంది అని వాళ్ల ఇంజనీరుకి చెప్తే "ఇళ్లకి కూడా ఉందా సార్" అన్నాడు. ఏదైతేనేం, పడమర గోడకి వేడిని తక్కువ లాగే తేలికపాటి ఏఏసీ ఇటుక, శ్లాబ్ మీద ఇన్సులేషన్ వేసి పైన తెల్ల టైలు ముక్కలు పరిపించడానికి ఒప్పించాను. సోలార్ రెండు కిలోవాట్లకి దిగింది, అదీ ఒక ఎండాకాలం బిల్లులు చూశాకే పెట్టిస్తాడట. హాల్లో పడమర వైపు ఎనిమిదడుగుల అద్దం కిటికీ మాత్రం ఉండాల్సిందేనట, మా చెల్లెమ్మ ఎక్కడో ఫొటోలో చూసింది. దాని మీద మాట్లాడే ధైర్యం నాకు లేదు.