ఫెంటనా, బ్లెంకోనా? పాత గాజు వాజ్‌లలో ఏది మేలు

అమెరికాలో యాంటిక్ మాల్స్ చుట్టూ తిరగడం మొదలుపెట్టిన మనవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: కొనేది ఒక్కటే అయితే ఫెంటన్ కొనాలా, బ్లెంకో కొనాలా? రెండూ వెస్ట్ వర్జీనియా గాజు కంపెనీల పేర్లే. ఫెంటన్‌ది ఒహాయో నది ఒడ్డునున్న విలియమ్స్‌టౌన్, బ్లెంకోది మిల్టన్. రెండింట్లోనూ చేతిపని ఉంది. అయినా ఇంటికి తెచ్చి పెట్టాక వీటికి పోలికే ఉండదు.

నా దృష్టిలో ముందు చూసుకోవాల్సింది ఒక్కటే. ఆ వాజ్ ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? మన ఇళ్ళల్లో పూలు దేవుడి పటానికో జడలోకో పోతాయి. కాడలతో కొనుక్కొచ్చి నీళ్ళలో పెట్టే అలవాటు ఇక్కడికి వచ్చాక కూడా చాలామందికి లేదు. పుట్టినరోజుకి ఎవరో బొకే తెస్తారు, వారం తిరక్కుండా అవి వాడిపోతాయి. మిగతా ఏడాదంతా మన కళ్ళెదుట ఉండేది వట్టి వాజే.

ఫెంటన్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది తెల్లటి హాబ్‌నెయిల్. పాలలాంటి గాజు, ఒంటినిండా వరసగా బుడిపెలు, పైన చీర కుచ్చిళ్ళలా మడతలు పడిన అంచు. అచ్చులో నొక్కి తీసిన గాజు ఇంకా వేడిగా ఉండగానే ఆ అంచును మలుస్తారు. పూలు పెట్టడానికి దీన్ని మించింది లేదు. కాడలు కనపడవు, రెండో రోజుకి మురికిపట్టే నీళ్ళూ కనపడవు. ఎర్ర గులాబీలు పెట్టినా పసుపు చామంతులు పెట్టినా తెలుపు మీద ఎంత నిండుగా కనిపిస్తాయో! పూలు తీసేశాక మాత్రం తెల్లగోడ ముందు అది ఉన్నట్టే అనిపించదు. బుడిపెల సందుల్లో దుమ్ము చేరుతుంది, మెత్తటి టూత్‌బ్రష్‌తో తప్ప పోదు. కొనేటప్పుడు బుడిపెల కొసలన్నీ వేలితో తడిమి చూడండి, చితికిన కొసలు కంటికంటే వేలికే ముందు తెలుస్తాయి.

ఫెంటన్‌కి పెద్ద సౌకర్యం ఏమిటంటే గుర్తుపట్టడం తేలిక. 1970ల నుంచి అడుగున కోడిగుడ్డు ఆకారపు గీతలో పేరు ఉంటుంది. దాని కింద 8 ఉంటే 1980లది, 9 ఉంటే 1990లది. అంతకు ముందువి స్టిక్కర్లతోనే అమ్మారు కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనుకోకండి. 1907లో మొదలైన వీళ్ళ కార్నివాల్ గాజు (పైన ఇంద్రధనస్సు మెరుపుండేది), 1970లో మళ్ళీ తెచ్చిన బర్మీస్ (పసుపు నుంచి గులాబీరంగులోకి తిరిగే గాజు) కూడా ఉన్నాయి. బర్మీస్‌లో యురేనియం కలుస్తుంది, అందుకే బ్లాక్ లైట్ (అతినీలలోహిత దీపం) వేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. సేకరించేవాళ్ళకి అవి ముచ్చటే. ఇంట్లో ఒక్క వాజ్ కోసం చూసేవాళ్ళు అంతదూరం వెళ్ళక్కర్లేదు.

ఇక బ్లెంకో. కిటికీల్లో బిగించే రంగుగాజు పలకలతో మొదలైన కంపెనీ ఇది, వాజ్‌లు తర్వాత వచ్చాయి. నన్నడిగితే ఆ పుట్టుక ప్రతి వాజ్‌లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే వెలుతురు లోపలి నుంచి రావడం కోసమే ఇవి పుట్టినట్టుంటాయి. వేన్ హస్టెడ్ 1953 నుంచి 1963 వరకు అక్కడ డిజైనర్. మోకాలి ఎత్తు సీసాలు, పొడుగాటి మూతలు, ఆ సైజు చూసి బెదరకండి. అతని రోజుల్లోనివే నాకు అన్నిటికంటే ఇష్టం.

టాంజరీన్ రంగుది దొరికితే పగటి వెలుతురులో ఎత్తి చూడండి. పసుపు, నారింజ, ఎరుపు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతూ ఉంటాయి, గీత ఎక్కడుందో వెతికినా దొరకదు. అది పైన పూసిన రంగు కాదు. ఒకే గాజు, మళ్ళీ వేడి తగిలినచోట ఎరుపు తిరుగుతుంది, తగలనిచోట పసుపుగానే మిగులుతుంది. పనివాడు కొలిమి దగ్గర ఎంతసేపు ఉంచాడన్నదాన్ని బట్టి రంగు మారుతుంది కాబట్టి రెండు వాజ్‌లు అచ్చంగా ఒకలా రావు. తిరగేసి అడుగు చూస్తే గాజును పట్టుకున్న ఇనప కడ్డీ విరిచిన మచ్చ గరుగ్గా తగులుతుంది. ఊది చేసిన గాజని దాన్నిబట్టి తెలుస్తుంది కానీ బ్లెంకోదేనని తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్‌గ్రిమ్, రెయిన్‌బో లాంటి కంపెనీలు కూడా ఇలాంటివే చేశాయి. పాతవాటిలో బ్లెంకో గాజు మీదే పేరు వేసింది 1958-61 మధ్యలో. మిగతావాటిని పాత కేటలాగ్ బొమ్మలతో పోల్చుకోవాల్సిందే. మూత ఉన్న సీసా అయితే ఆ మూత దానిదేనా అని కూడా చూసుకోవాలి, అంగట్లో మూతలు తారుమారవుతుంటాయి.

దీంట్లో పూలు పెట్టకండి. మురికినీళ్ళు బయటికి కనిపిస్తాయి, లోపల తెల్లటి సున్నప్పొర కడుతుంది. ఆ పొర వెనిగర్ పోసి రాత్రంతా ఉంచితే చాలాసార్లు పోతుంది. గాజే తినేసి మసకబారితే మాత్రం పోదు. తడిపినప్పుడు మాయమై ఆరగానే మళ్ళీ కనిపించేది ఆ రకం కావచ్చు, కాబట్టి కొనే ముందు వాజ్ లోపల పొడిగా ఉందో లేదో చూసుకోండి. ఇంకో జాగ్రత్త: నీళ్ళు నింపిన గుండ్రటి గాజు ఎండలో భూతద్దంలా పనిచేస్తుంది. కర్టెన్ పక్కన వద్దు.

ఇటలీలోని మురానో దీవి గాజు సంగతీ అడుగుతారు. సొమ్మెర్సో పద్ధతిలో రంగు మీద రంగు పొరలుగా వచ్చే ఆ గాజు అందమైనదే, కాదనను. కానీ స్టిక్కర్ ఒక్కటే చూసి నమ్మలేం, అలవాటయ్యే దాకా ఆగండి. వైకింగ్ అనే ఇంకో అమెరికన్ కంపెనీ వేడిగా ఉండగా సాగదీసి చేసిన వాజ్‌లు పొడుగ్గా బాగుంటాయి, చంటిపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఉత్తరం వైపు కిటికీ తప్ప ఇంకేమీ లేని అపార్ట్‌మెంట్ అయితే ఫెంటన్ తీసుకోండి, ముదురురంగు బ్లెంకో అక్కడ నల్లగా కనపడుతుంది. వారంవారం పూలు కొనే ఇల్లయినా ఫెంటనే. తూర్పుకో పడమరకో కిటికీ ఉండి గట్టు మీద జానెడు చోటుంటే నేను రెండో ఆలోచన లేకుండా బ్లెంకో అంటాను. ఫెంటన్ మామూలు గాజు తయారీ 2011లో ఆపేసింది, అయినా హాబ్‌నెయిల్ ఏ యాంటిక్ మాల్‌లో అడిగినా దొరుకుతుంది. మంచి టాంజరీన్ పెద్దసైజుది ఎదురుపడితే మాత్రం ఆ పూటే తెచ్చేసుకోండి.