వాచీ చైన్ చిన్నది చేయిస్తున్నారా? పిన్నుతో పాటు ఉండే చిన్న గొట్టం జాగ్రత్త

అనంతపురంలో కొత్త వాచీ కొని, కొన్నచోటే చైన్ లింకులు తీయించుకునేవాళ్లు ఇది ఒకసారి చదవండి. మా నాయనకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నాయన పోయిన నెల రిటైరయ్యారు. నేను, చెల్లెలు డబ్బులు కలిపి ఆయనకు స్టీలు చైన్ ఉన్న సీకో వాచీ కొన్నాం. ఆయనది సన్నటి మణికట్టు. వాచీ మోచేతి దాకా జారుతుంటే షాపులోనే నాలుగు లింకులు తీయమన్నాం. కౌంటర్ దగ్గరి కుర్రాడు కింద గుడ్డ కూడా పరచకుండా, అద్దం బల్ల మీదే మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. సన్నటిది ఏదో టిక్కుమని కింద పడింది. ‘ఏం పడింది తమ్ముడూ?’ అంటే ‘ఏం కాదులే అన్నా’ అన్నాడు. నేను నమ్మేశాను.

ఆరో రోజు టవర్ క్లాక్ దగ్గర నాయన ఆటో దిగుతుంటే చైన్ విడిపోయింది. వాచీ రోడ్డు మీద పడి అద్దం పగిలింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా దాన్ని రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షాపుకు వెళ్తే, మీరే ఎక్కడో గట్టిగా తగిలించుకుని ఉంటారన్నారు.

తర్వాత పాతూరులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని నిమిషంలో చెప్పేశారు. కొన్ని చైన్లలో పిన్ను ఒక చివర రెండుగా చీలి ఉంటుంది, ఆ బిగువుతోనే లింకులో నిలబడుతుంది. కొన్నిటికి స్క్రూలు ఉంటాయి. మా వాచీది మూడో రకం. పిన్ను నున్నగా ఉంటుంది, దాన్ని పట్టుకునేది నడిమి భాగంలో ఉండే చిన్న గొట్టం. దాన్ని కాలర్ అంటారట. బియ్యపు గింజంత కూడా ఉండదు. అది లేకపోయినా పిన్ను లోపలికి వెళ్తుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, కానీ రోజూ కొంచెం కొంచెం జరిగి ఒకరోజు బయటికొచ్చేస్తుంది. ఆ రోజు కింద పడింది ఆ గొట్టమే.

ఇంకో తప్పు కూడా జరిగింది. నాలుగు లింకులూ ఒకే వైపు తీసేశాడు, అందుకే లాక్ మణికట్టు పక్కకు వచ్చి గుచ్చుకునేది. రెండు వైపులా సమానంగా తీయాలి. బేసి సంఖ్య అయితే ఆ ఎక్కువది 6 అంకె వైపు తీయించండి. లింకు లోపలి పక్క బాణం గుర్తు ఉంటుంది, పిన్ను అటువైపే తోసి తీయాలి, పెట్టేటప్పుడు ఎదురు వైపు నుంచి పెట్టాలి. కొట్టేముందు కుర్రాడు ఆ గుర్తు చూశాడా లేదా గమనించండి. కొంచెమే వదులైతే లింకు తీయాల్సిన పనే ఉండకపోవచ్చు. చాలా లాకుల పక్కన వరుసగా చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపలి స్ప్రింగ్ బార్‌ను, అంటే స్ప్రింగుతో నొక్కుకునే సన్నటి కడ్డీని, పక్క రంధ్రంలోకి మారిస్తే సరిపోతుంది.

కొలత మాత్రం పొద్దున్నే చూసుకోకండి. మన ఎండలకు సాయంత్రానికి చెయ్యి కొంచెం ఉబ్బుతుంది. అప్పుడు కూడా చైన్ కింద చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, తీసిన లింకులు, పిన్నులు, గొట్టాలు లెక్కపెట్టి పొట్లం కట్టించుకున్నాకే డబ్బులివ్వండి. ఆ నాలుగు లింకులు మా దగ్గరుంటే వాటిలోని గొట్టమే వాడుకునేవాళ్లం. పెద్దాయన తన డబ్బాలన్నీ వెతికి కొలతకు సరిపోయేది ఒకటి వేశారు, అద్దం కూడా మార్చారు. లింకుల కోసం షాపుకు మూడుసార్లు తిరిగాను. దొరికితే ఫోన్ చేస్తామన్నారు, ఇంతవరకు చేయలేదు.